నాలుగూ నాలుగూ ఎనిమిది ఓమ్స్

మా అక్క పెళ్లి క్యాసెట్‌లో అమ్మ పాడిన లాలిపాట ఉంది. అమ్మ పోయాక ఆమె గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క చోటే. తొంభైల చివర్లో, సరిగ్గా అమ్మ పోయిన ఏడాదే, హోసూరులో అక్కావాళ్ల స్పీకర్లను ఎలుకలు కొరికేశాయి. పక్కింటి టేప్‌రికార్డరులో వేద్దామంటే అది క్యాసెట్లను నమిలేసే రకం. అమ్మ పాట ఎప్పుడు వినిపిస్తారని అక్క పోరు మొదలుపెట్టింది.

బావ దగ్గర పెళ్లికి ముందు నుంచీ, క్యాసెట్ డెక్కు తగిలించిన ఒక పాత ఆంప్లిఫయరు ఉండేది. అక్క దాన్ని సవతి అనేది. అనదా మరి! ఫ్యాక్టరీలో రోజంతా లేత్ మీద ఇనుముతో కుస్తీపట్టే మనిషి, ఇంటికొచ్చి దాని దుమ్మును కొత్త తువ్వాలుతో తుడిచేవాడు.

బాగలూరులో ఒక పాత పూల వ్యానును విప్పేస్తుంటే దాని రెండు స్పీకర్లూ అడిగి తెచ్చాను. సమస్య తీరింది, తగిలించు బావా అన్నాను. ఆయన వాటిని తిరగేసి, వెనక రాసింది చదివి, పుచ్చు వంకాయలను పెట్టినట్టు పక్కన పెట్టేశాడు. ఇవి నాలుగు ఓమ్స్‌వి, తన ఆంప్లిఫయరు ఎనిమిదికి తగ్గితే ఒప్పుకోదు అన్నాడు. ఓమ్స్ తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతాయట, లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయట, అట్లాంటివి ఇప్పుడు దొరకవట. సౌండు తగ్గించి పెట్టుకుందాం, ఏం కొంప మునగదు అన్నాను. నాకు ఓపిక తక్కువ.

"ఇది ముసిలి వంటమనిషప్పా. నీ స్పీకర్లు ఒక్కోటీ ఇద్దరి కూడు తింటాయి. వడ్డించలేక పొయ్యికాడనే పడిపోతాది."

మా అమ్మ పాట కంటే నీకు ఆ డబ్బా ఎక్కువా అని వంటింట్లోంచి అక్క అడిగింది. బావ స్క్రూడ్రైవరు తీశాడు. సీరియల్ బల్బుల్లాగా రెండు స్పీకర్లనూ ఒకదాని వెనక ఒకటి కలిపాడు. నాలుగూ నాలుగూ ఎనిమిది. ఆంప్లిఫయరు లెక్కలో రెండూ కలిసి ఒక్క స్పీకరు. ఎడమకొకటి, కుడికొకటి స్పీకరు కావాల్సిన డబ్బాకు ఇవి రెండూ ఎడమవైపుకే సరిపోయాయి, కుడివైపు ఖాళీగా ఉండిపోయింది.

క్యాసెట్ వేశాం. నాదస్వరం, డోలు ఇల్లదిరిపోయేలా మోగాయి. బావ జ్వరం చూసినట్టు మాటిమాటికీ ఆంప్లిఫయరు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. లాలిపాట రావలసిన చోటు వచ్చింది. మేళమే తప్ప పాట లేదు.

అక్క చేతిలోని చాట కింద పెట్టేసింది. "అమ్మ యాడ?"

పాట చెరిగిపోయిందనే అనుకున్నాను. ఆ డబ్బాను ఎత్తి వీధిలో పారేద్దామన్నంత కోపం వచ్చింది. బావ మాత్రం వంగి, ఖాళీగా ఉన్న కుడివైపు చూశాడు. పెళ్లిలో రెండు మైకులు పెట్టారు, ఒకటి మేళం ముందర, ఇంకొకటి ఆడవాళ్ల దగ్గర, మేళం ఎడమ స్పీకరుకు, ఆడవాళ్ల గొంతులు కుడి స్పీకరుకు వచ్చేటట్టు ఎక్కించి ఉంటారు అన్నాడు. ఆంప్లిఫయరు ఆపి, వైర్లు విప్పి కుడివైపు తగిలించి, క్యాసెట్ వెనక్కి తిప్పాడు.

ఈసారి మేళం ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టుంది. ముందుకొచ్చింది అమ్మ. ఊపిరి తీసుకోవడం, గాజుల చప్పుడు అన్నీ వినిపించాయి. ఆ క్యాసెట్ అంతకు ముందు ఎన్నోసార్లు విన్నాం, ఇట్లా ఎప్పుడూ వినలేదు. పాట అయిపోయింది. ఇంతకు ముందు ఎప్పుడు విన్నా ఆ పాట తర్వాత డోలు మోతే వినిపించేది. ఇప్పుడు ఆ మోత పలచబడి, పక్కనున్న ఎవరితోనో అమ్మ మెల్లగా చెప్పడం వినిపించింది.

"పాటలు సాలు గానీ, నా బిడ్డ పొద్దన నుంచి ఏమీ తినలేదు. ఎవురికీ కనపడకుండా రెండు అరటిపండ్లు ఇచ్చి రాపో."

అక్క స్పీకర్ల ముందు నేల మీద కూర్చుండిపోయింది. కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

"ఆ పొద్దు పెండ్లిలో నాకు ఆ పండ్లు చిన్నమ్మ తనంతట తానే తెచ్చిందనుకొని ఇన్నేండ్లూ ఆయమ్మను మెచ్చుకొంటా ఉండానురా," అంది.