ఉప్పుమళ్లలో ఏటేటా సూది

ఉప్పులో పనిచేసేవాడికి కలరా రాదని మా ఉప్పుమళ్లలో ఒక నమ్మకం ఉండేది. ఉప్పు పట్టించిన చేప నెలల తరబడి కుళ్లదు కదా, పొద్దస్తమానం ఉప్పునీళ్లలో నానే మనిషికి రోగం ఎట్లా అంటుతుంది అనేవాళ్లు. నేను చదివింది అయిదో తరగతి. ఉప్పుకుప్ప ఎత్తూ చుట్టుకొలతా చూసి అందులో ఎన్ని బస్తాలున్నాయో చెప్పడం నా పని. ఆ లెక్క ఎవరూ నేర్పింది కాదు. ముందు కొలిచి, తర్వాత బస్తాలకు ఎత్తేటప్పుడు సరిచూసుకుని, తప్పు వచ్చిన చోట దిద్దుకుంటూ పట్టుకున్నాను. అందుకని కుప్పలతో సంబంధం లేని లెక్కలు కూడా నన్నే అడిగేవాళ్లు.

ఇది ఏడెనిమిదేళ్ల కిందటి మాట. శ్రావణం చివరికొచ్చింది. మళ్లలో ఆఖరి ఉప్పు మిగిలి ఉంది. వానలు పట్టుకుంటే పని ఆగిపోతుంది, ఇందుకూరుపేట వైపు నుంచీ కోట వైపు నుంచీ వచ్చినవాళ్లంతా ఎవరి ఊళ్లకు వాళ్లు పోతారు. ఆ రోజు సూదులు వేసే ఆయన సైకిలు మీద వచ్చి, మర్నాడు సాయంత్రం అందరికీ కలరా సూదులని చెప్పి పోయినాడు.

నా చెల్లెలికి భర్త పోయినాడు. రెండు మళ్లు సొంతంగా చేసుకునేది. కుప్పకు చేరిన ఉప్పే ఆమెది, మడిలో ఉన్నది వానది. నిరుటి సూదికి ఆమె చెయ్యి వాచి, రెండు రోజులు జ్వరంతో లేవలేదు. మిగతా ఆడవాళ్లు ఆమె ఏం చేస్తే అదే చేసేట్టున్నారు.

"నిరుడు వేయించుకున్నాను కదన్నా, మళ్లీ ఎందుకు?" అంది. "అమ్మవారికి వేసిన టీకా చిన్నప్పటి నుంచీ చేతి మీద ఉండాది. దానికోసం ఏటేటా ఎవరూ రాలేదే."

"దీని బలం కొన్ని నెలలకే తగ్గిపోతుందంట. ఆయనే చెప్పినాడు."

"బలం తగ్గుతుంది గానీ జ్వరం మాత్రం తగ్గకుండా వస్తుంది." పక్కనున్న ఆడవాళ్లు నవ్వినారు. "రేపు సూది, ఎల్లుండి జ్వరం, ఆవలెల్లుండి వాన. అప్పుడు నా మడిలో నీళ్లు కొలుస్తావా నువ్వు?"

వాళ్ల నవ్వు ఆగినాక నా వైపు తిరిగింది.

"ఊరికే ఆయన చెప్పినాడని చెప్పబాక. నువ్వు లెక్క కట్టి చెప్పు. వేయించుకోమంటే వేయించుకుంటా."

గట్టు మీద కూర్చుని ఆలోచించాను. నేను ఆ మళ్లలో చేరినప్పటి నుంచీ అక్కడ ఒక్కరికి కూడా కలరా రాలేదు. ఆ లెక్కన మా నమ్మకమే నిజం. కానీ కుప్ప లెక్క మరీ చక్కగా కుదిరితే నేను రెండోసారి కొలుస్తాను. పనివాళ్లకు గంజి కాచే అవ్వ భర్త కూడా ఉప్పు మనిషే. ఆమె దగ్గరికి పోయి అడిగాను.

"తాత ఎట్టా పోయినాడవ్వా?"

"కలరాతోనే. కార్తీకంలో."

"ఉప్పులో పనిచేసేవాళ్లకు రాదంటారే?"

"ఈడ రాలేదు నాయనా, ఊళ్లో వచ్చింది. ఊళ్లో ఉప్పు యాడుండాది?"

ఉప్పు కాపాడుతుందన్న మాటలో ఆమెకు సందేహం లేదు. నేను గట్ల మీద తిరిగి ఇంకా కొందరిని అడిగాను. ఒకరి అన్న, ఒకరి మేనమామ, అందరూ ఇంటి దగ్గరే, అందరూ వానల తర్వాతే. మా వైపు కలరా వచ్చేది వాననీళ్లు బావుల్లోకీ చెలమల్లోకీ దిగినాకే. ఆ నెలల్లో ఉప్పుమళ్ల దగ్గర కొంగలు తప్ప ఎవరూ ఉండరు. మనుషులే లేని చోట ఎవరికీ రోగం రాలేదని మేం ధైర్యంగా ఉన్నాం.

చెల్లెలికి అదే చెప్పాను. వేయించుకోమన్నాను.

"వేయించుకుంటే ఇక రాదంటావా?"

"అట్లా చెప్పలేను. వచ్చే అవకాశం తగ్గుతుంది."

"ఎంత తగ్గుతుంది?"

"అది నాకు తెలియదు."

"నీకు తెలియని లెక్క కూడా ఉండాదా," అంది. కాసేపు సముద్రం వైపు మబ్బులు చూసింది. "ఎడమ చేతికి వేయమంటా. కుడి చెయ్యి ఉప్పు లాగడానికి కావాల."

మర్నాడు చీకటితో లేచి, ఆయన వచ్చేదాకా మడిలోని ఉప్పు గట్టుకు లాగుతూనే ఉంది. సూది వేయించుకుని మళ్లీ మడిలోకి దిగింది. ఆమె వెనక ఆడవాళ్లు ఒక్కొక్కరే చెయ్యి చాచినారు, అవ్వ తప్ప. ఆ మరుసటి రోజు చెల్లెలు జ్వరంతోనే వచ్చింది. గంపలు నేను ఎత్తిపెడితే నెత్తిన పెట్టుకుని మోసింది. మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. ఒక మడి ఖాళీ అయింది, రెండో మడిలో సగం ఉప్పు కరిగిపోయింది.

"ఆ సగం నీ లెక్క కింద పోయింది," అంది.

ఆ కార్తీకంలో ఆమె అత్తగారి ఊళ్లో కలరా వచ్చింది. ఆమెకు రాలేదు. సూదే కాపాడిందని ఊరంతా అన్నారు. నేను అనను. సూది వేయించుకోనివాళ్లలో కూడా చాలామందికి రాలేదు. ఒక్క మనిషిని చూసి లెక్క కట్టకూడదు. అయినా ఆ ఏడు వానలు వెలిసి, ఆమె మళ్లీ పనికి మూట నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచి వస్తుంటే నేను చేతిలో పని వదిలి ఎదురుపోయాను.

మరుసటి ఏడు ఆషాఢం దాటీ దాటకముందే నా దగ్గరికి వచ్చింది.

"సూదులాయన ఎప్పుడొస్తాడో కనుక్కో అన్నా. అంతకు నాలుగు రోజుల ముందే మళ్లు ఖాళీ చేసుకుంటా."