చాక్‌పీసు రుద్దిన టైరు

చాక్‌పీసు పొడి చేతికంటితే నాకిప్పటికీ ఉప్పల్ చౌరస్తా గుర్తొస్తుంది. అప్పటికింకా మెట్రో స్తంభాలు లేవు. నాచారంలో మా ఇంటి ముందు తాతయ్య పాత కారు ఏడాదిగా ఇటుకల మీద నిలబడి ఉంది. దాని సైజు టైర్లు ఎక్కడా దొరకలేదు. ఈ వారం కూడా దొరక్కపోతే తుక్కుకు అమ్మేస్తానన్నాడు నాన్న.

అరిగిన టైరు పట్టుకుని తాతయ్య, నేను ఉప్పల్ చౌరస్తాలో ఎక్కిన నాలుగో దుకాణం అది. దుకాణం మామ టైరు పక్క భాగాన చాక్‌పీసు రుద్దాడు. ఆ నలుపులోంచి ఒక్కో అంకే తెల్లగా పైకి తేలింది. నేను నోరు తెరిచి చూశాను. ఆయనే రాస్తున్నాడనుకుని, "దొరికే నంబరు రాయి మామా!" అన్నాను.

"నేను రాస్తలేను బిడ్డా, గా సైజు నంబరు దాని మీదనే అచ్చేసి ఉంది," అని నవ్వి, అటక మీంచి దుమ్ముపట్టిన టైర్లు నాలుగు దించాడు. "ఎడ్లబండ్లకని తెచ్చినయి సార్. జర సూద్దాం."

తాతయ్య ముందుకు వంగాడు. చాక్‌పీసు కదిలింది. అవే అంకెలు! తాతయ్య మీద జాలిపడి మామ అవే రాశాడని నేను గట్టిగా నమ్మాను.

కారు కదిలింది. తాతయ్య మాత్రం వాన పడేదాకా ఆ చాక్‌పీసు గీతలను ఎవర్నీ తుడవనివ్వలేదు. తుడిస్తే నంబరు పోతుందని ఆయనకూ నాలాగే భయమేసిందేమో.