కండెకొక వాక్యం

మేము పడుచువాళ్లుగా ఉన్న రోజుల్లో ధర్మవరంలో ఇంగ్లీషు రెండు చోట్లే వినబడేది. ఒకటి రైల్వే స్టేషన్లో గార్డు నోట, రెండోది మా టెరిలిన్ బావ నోట. గార్డు అవసరమైనప్పుడే మాట్లాడేవాడు. టెరిలిన్ బావ అంటే మా మేనమామ కొడుకు. హిందూపురంలో ఒక బట్టల అంగడిలో పనిచేసేవాడు. చుట్టాలందరికంటే ముందు టెరిలిన్ చొక్కా తొడిగినందుకు ఆ పేరొచ్చింది. (నడి ఎండాకాలంలో కూడా దాన్ని విప్పేవాడు కాదు. వీపంతా చెమటకాయలు లేచాయని వాళ్లమ్మే మాకు చెప్పింది.) నేను పట్టుచీరలు నేసేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను గానీ గ్రంథాలయం మానలేదు. బస్టాండు దగ్గరి ఆ ఒంటిగదిలో మూడు బీరువాలుండేవి. ఇరవయ్యారేళ్లు వచ్చేసరికి మొదటి రెండింటిలోని తెలుగు పుస్తకాలన్నీ చదివేసి, ఊళ్లో నా అంతటివాడు లేడని తిరుగుతుండేవాణ్ణి. మూడోది ఇంగ్లీషు బీరువా. దాని ముందు నిలబడితే అద్దంలో నా ముఖమే కనబడేది. గ్రంథాలయంలో మూడో వంతు నా మొహాన తలుపు వేసినట్టుండడం నాకు భరించరాని అవమానం.

అందుకని ఆ బీరువాలోంచే ఇంగ్లీషు నేర్పే పుస్తకం ఒకటి తెచ్చుకుని, ఇంగ్లీషు నేర్చుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఉగాదినాడు పెట్టుకున్న మొదటి ఒట్టు శ్రీరామనవమి పానకంలో కొట్టుకుపోయింది. రెండోది గ్రహణం రోజున ఆగింది. గ్రహణం విడిచింది గానీ నేను పుస్తకం మళ్లీ పట్టలేదు. మూడోది వాన వల్ల చెడింది. (మా వైపు వాన పడేదే అరుదు. ఆ సాకు కోసం ఎన్నాళ్లు కాచుకుని ఉన్నానో మీరే ఊహించుకోండి.) నాలుగోదానికి సాకు కూడా అవసరం లేకపోయింది. నాలుగోసారి పుస్తకం వాపసు ఇవ్వబోతే నిశ్శబ్దం సారు దాన్ని తిరగేసి, నేను మూల మడిచిన పేజీ చూశాడు. ఆయన మా లైబ్రేరియన్. ఎవరు దగ్గినా "నిశ్శబ్దం!" అని అందరికంటే గట్టిగా అరిచేవాడు.

"ఏమప్పా, ఈసారి గూడా పదో పేజీ దాటలేదే?"

"మనసు కుదరలేదు సార్."

"మగ్గం కాడ గూడా మనసు కుదిరితేనే కూర్చుంటావా?"

"అదెట్ల సార్? మగ్గంలో రోజూ కూర్చోవల్ల."

"అయితే ఇంగ్లీషును గూడా ఆడనే కూర్చోబెట్టు, పో."

ఆ మాట ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. చెప్పడమే నేను చేసిన పొరపాటు. నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టి తొక్కుడు చెక్కలు తొక్కుతుంటే, ఆమె నా ఎడమ పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. కండె అంటే పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు గొట్టం. అది అయిపోగానే నేను తల తిప్పకుండా ఎడమ చెయ్యి చాచేవాణ్ణి, ఆమె ఇంకోటి అందులో పెట్టేది. పెళ్లయిన నాటినుంచీ మాట అవసరం లేకుండా సాగిన వ్యవహారం అది. మరునాడు చెయ్యి చాచితే కండె రాలేదు.

"ఇదో, ఇంగ్లీషు మాట ఒకటి చెప్పు. అప్పుడిస్తా."

"ఏమ్మే, పని ఆగిపోతాది, ఇట్లియ్యి."

"ఆగిపోనీ. చీర యాల ఆలస్యమయ్యిందని సొసైటీ వాళ్లడిగితే ఇంగ్లీషులోనే చెప్పుకుందువులే."

ఆమెకు తెలుగు అక్షరమే రాదు, ఇంగ్లీషు మాట సంగతి చెప్పనక్కర్లేదు. కానీ నేను నీళ్లు నమిలితే ఇట్టే కనిపెట్టేది. నిశ్శబ్దం సారు మగ్గం పని గురించి చిన్న చిన్న వాక్యాలు చీటీల మీద రాసిచ్చాడు. వాటిని మగ్గం గుంజకు గంజితో అంటించాను. కండెకొక వాక్యం. పండగొచ్చింది, జ్వరమొచ్చింది, ఒకనాడు వాన కూడా పడింది. ఏది వచ్చినా వాక్యం చెప్పందే కండె చేతికి రాలేదు. నా ఒట్లు నాలుగూ చేయలేని పనిని ఆమె ఖాళీ చెయ్యి చేసింది. నాలుగైదు నెలల్లో "దిస్ ఈజ్ మై లూమ్" మొదలుకొని చీర ఒంటికి వేరే రంగు అంచు కలిపే పద్ధతి దాకా ఇరవై రెండు వాక్యాలు నా నోట నీళ్లలా పారసాగాయి.

సరిగ్గా అప్పుడే బెంగళూరులో చేనేత ప్రదర్శన పెడుతున్నారని, ధర్మవరం చీర గురించి ఇంగ్లీషులో చెప్పగలిగే మనిషి ఒకడు కావాలని కబురొచ్చింది. పెనుకొండలో ఒక ఆఫీసరు అభ్యర్థులను పిలిచి చూస్తాడట. నేను పేరిచ్చాను. టెరిలిన్ బావ కూడా ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోకుండా మా ఇంటికే వచ్చాడు.

"ఏం బావా, గుంతలో కూర్చోని ఇంగ్లీషు నేరుస్తాండావంటనే! పైకెక్కినాక వస్తాదా అది?"

"నువ్వు పైనే ఉండావు గదన్నా," అంది నా భార్య రాట్నం ఆపకుండా, "అంచు యాడ కలుస్తాదో తెలుసునా నీకు?"

బావ నవ్వేసి పోయాడు గానీ ఆ రోజంతా నాకు పేక సరిగ్గా పడలేదు. ఎన్నడూ గుంతలో కాలు పెట్టనివాడు పోయి మా చీర గురించి చెప్పడమా? ఈసారి ఓడిపోతే ఇంగ్లీషు జోలికి మళ్లీ పోనని ఐదో ఒట్టు పెట్టుకున్నాను. ఇది నేను తప్పకుండా నిలబెట్టుకోగల ఒట్టని నాకు బాగా తెలుసు. అదే నా భయం.

పొద్దుటి రైల్లో పెనుకొండలో దిగాను. బావ నాకంటే ముందు లోపలికి పోయి, అయిదు నిమిషాల్లో చిరునవ్వుతో బయటికొచ్చాడు. తర్వాత నన్ను పిలిచారు. ఆఫీసరు ఉత్తరాదివాడు, తెలుగు రాదు. పక్కన తెలుగు చెప్పే గుమాస్తా ఒకాయన ఉన్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చీర ఎలా నేస్తారో చెప్పమన్నారు. నోరు తెరిచాను. ఇరవై రెండింట్లో ఒక్కటీ లేదు! బావ మాటే నిజమైంది. పైకెక్కినాక అది రాలేదు.

అప్పుడు బల్ల కింద నా కాళ్లు వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి తొక్కడం మొదలుపెట్టాయి. బల్ల మీద సిరాబుడ్డి కదిలింది. నా నోరూ కదిలింది. "దిస్ ఈజ్ మై లూమ్" అని ఆ బల్లను చూపించాను. ఆ వెంటనే ఎడమ చెయ్యి పక్కకు చాచి ఆగిపోయాను.

"ఏమప్పా, ఏం కావల్ల? నీళ్లా?" అన్నాడు గుమాస్తా.

నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఆఫీసరు నా ఖాళీ అరచేతిని కాసేపు పరీక్షగా చూసి, ఒక పెన్సిలు అందులో పెట్టాడు. ఠక్కున రెండో వాక్యం వచ్చింది. మళ్లీ చెయ్యి పోయింది. ఈసారి రబ్బరు పెట్టాడు. మూడో వాక్యం. స్కేలు, గుండుసూదుల డబ్బా, కాగితాల మీది గాజు గుండు, రబ్బరు ముద్రలు, కళ్లజోడు పెట్టె అన్నీ ఒక్కొక్కటిగా నా ఒళ్లోకి చేరుతుంటే, పడుగు, పేక, అంచు ఒక్కొక్కటిగా నా నోట్లోంచి వెళ్లిపోతున్నాయి. బల్ల ఖాళీ అయ్యాక గుమాస్తా తన జేబులోని కలం, చెవి మీది బీడీ కూడా సమర్పించుకున్నాడు. ఆఖరి వాక్యానికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఆఫీసరు ఒక్క క్షణం ఆలోచించి, తన చెయ్యే నా చేతిలో పెట్టి ఊపాడు. "ప్లీజ్ కమ్ టు ధర్మవరం" అని ముగించాను.

తర్వాత తలొంచుకుని కండెల సంగతి తెలుగులో చెప్పుకున్నాను. గుమాస్తా దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వి ఏదో అన్నాడు.

"నువ్వే పోవల్లంట బెంగళూరికి. కండెలిచ్చే ఆయమ్మను గూడా పిల్చుకోని పొమ్మంటాండారు. లేకపోతే ఆడ ఏ ఆఫీసులోనూ సామాను మిగలదంట. మొదట నా బీడీ నాకియ్యప్పా!"

తిరుగు రైల్లో బావ కిటికీ పక్క చోటు నాకిచ్చి, తన సంగతీ దాచకుండా చెప్పాడు. "అంచు ఎట్ల కలుపుతారని అడిగె బావా. మా అంగడికొచ్చేటప్పటికే కలుసుకోని ఉంటాదని చెప్తి." ఇద్దరం ధర్మవరం దాకా నవ్వుతూనే ఉన్నాం.

బెంగళూరులో ఒకరోజు నేను కాఫీకి పోయి వచ్చేసరికి ప్రదర్శనలో వేసిన మా మగ్గం చుట్టూ జనం. మధ్యలో నా భార్య రాట్నం తిప్పుతూ ఇరవై రెండు వాక్యాలూ వరసగా అప్పజెబుతోంది, పదమూడో వాక్యం తర్వాత నేను అలవాటుగా దగ్గే దగ్గుతో సహా. నన్ను చూసి గొంతు తగ్గించి, "ఇదో, నేను చెప్పిందాంట్లో తప్పేం లేదు గదా?" అంది.

ఆ మూడో బీరువాలో సగం దాకా చదవగలిగాను. ఇప్పుడు మగ్గం లేదు, మోకాళ్లూ అంతంత మాత్రమే. అయినా రోజూ పొద్దున ఇంగ్లీషు పేపరు పైకి చదువుతాను. కుర్చీ కింద కాళ్లు తొక్కుతూనే ఉంటాయి, మొదటి వాక్యం అయిపోగానే ఎడమ చెయ్యి పక్కకు పోతుంది. ఆమె అక్కడే కూర్చుని ఆకుకూర ఒలుచుకుంటూ, నా రక్తపోటు మాత్ర అందులో పెడుతుంది. మొన్నొకరోజు, ఇన్నేళ్లయింది గదా, ఇంకా గమనిస్తుందా అని వాక్యం సగంలోనే ఆపి చెయ్యి చాచి చూశాను.

మాత్ర ఆమె గుప్పిట్లోనే ఉంది; మిగతా సగం చెప్పేదాకా నా చెయ్యి ఖాళీగానే ఉండిపోయింది.