వెర్నా దించని అట్ట

గార్నెట్ ఫోర్క్‌లో వెర్నా టోలెఫ్సన్‌ను ఎరగనివాళ్లు లేరు. పొద్దునా సాయంత్రం స్కూలు బస్సు నడిపేది, మధ్యలో తుపాకులు బాగుచేసేది. మోంటానాలో ఆడవాళ్లు తుపాకి పట్టడం ఆ రోజుల్లోనూ వింత కాదు. దాన్ని విప్పి, ముక్కలు బల్ల మీద పరిచి, జబ్బు ఎక్కడుందో చెప్పడం మాత్రం వింతే. పొరుగూరి వాళ్లెవరైనా తలుపు తీసి, "ఆయన లేరా?" అని అడిగేవాళ్లు.

"ఏ ఆయన?" అనేది వెర్నా, తల ఎత్తకుండానే.

ఈ పని ఆమెకు తండ్రి నుంచి వచ్చింది కాదు, మొగుడి నుంచి వచ్చిందీ కాదు. పెళ్లే చేసుకోలేదు. చలికాలానికి సరిపడా మాంసం తనే వేటాడి తెచ్చుకునేది. ఇరవై తొమ్మిదో ఏట ఒక ఎల్క్ దుప్పిని కొట్టి, రెండో దెబ్బ వేయబోతే, తూటాను లోపలికి తోసి గుల్లను బయటికి లాగే బోల్టు కదల్లేదు. పేలిన తూటా తాలూకు ఖాళీ గుల్ల గొట్టంలోనే బిగుసుకుపోయింది. దెబ్బ తిన్న దుప్పి కుంటుకుంటూ అడవిలోకి పోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. ఆ కోపంతోనే తుపాకి తీసుకెళ్లి ఆల్వా ఆస్ట్రాండర్ బల్ల మీద పెట్టింది.

ఆల్వాకు అప్పుడు డెబ్భై దాటాయి. నలభై ఏళ్లుగా ఆ లోయలో తుపాకులన్నీ ఆయన చేతుల మీదుగా పోయినవే. తుపాకిని ఓసారి తడిమి ఆమె వైపు తోశాడు.

"నా కళ్లు పోతున్నాయి పిల్లా. అదిగో ఇనుప చువ్వ. మూతి లోంచి దూర్చి నువ్వే కొట్టు. ఎలా కొట్టాలో నేను చెప్తా."

కొట్టింది. గుల్ల ఊడి కింద పడింది. "శనివారం రా" అన్నాడు ఆల్వా. ఎందుకని ఆమె అడగలేదు.

ఆరేళ్లపాటు ఆయనకు ఆమె కళ్లు, ఆమెకు ఆయన వేళ్లు. నాలుగు రకాల తుపాకుల బోల్టులు నూనెగుడ్డ మీద కలిపేసి, కళ్లు మూసుకుని ఏది దేనిదో చెప్పమనేవాడు. తప్పు చెబితే బోల్టులు మళ్లీ కలిపేసేవాడు.

"దుకాణంలో ఉన్నంతసేపూ అన్నీ మంచివే పిల్లా. అవతల ఎలుగు నిలబడి, నీ చెయ్యి వణుకుతున్నప్పుడు అది ఏం చేస్తుందో చెప్పు."

తేడా అంతా బోల్టు మూతి దగ్గర ఉండే కొక్కెంలో ఉందని ఆయన దగ్గరే తెలుసుకుంది. ఖాళీ గుల్లను పట్టి బయటికి లాగేది అదే. పాత రకం తుపాకుల్లో అది వేలంత పొడుగు ఉంటుంది. తూటా తన అరలోంచి పైకి లేవగానే మెడ పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. కంగారులో బోల్టు సగం తోసి వెనక్కి లాగినా ఆ తూటాను వెంట తెచ్చేస్తుంది. కొత్త రకాల్లో కొక్కెం గోరంత. తూటా పూర్తిగా లోపలికి పోయాకే పట్టుకుంటుంది. ఈలోగా బోల్టు లాగితే ఆ తూటా లోపలే ఉండిపోతుంది, దాని వెనక ఇంకోటి వచ్చి గుద్దుకుంటుంది. అయితే కొత్తవి తేలిక, చౌక, చాలాసార్లు గురిలో కూడా మేలు. ఆల్వా అది దాచేవాడు కాదు. "రెండూ చెప్పాలి. ఒకటే చెప్తే నువ్వు అమ్మేదానివి, బాగుచేసేదానివి కాదు" అనేవాడు.

ఆయన పోయాక దుకాణం ఆమెది అయింది. పొయ్యి పక్క గోడకు ఒక పెద్ద అట్ట కొట్టింది. ఏ కంపెనీ తుపాకి, ఏ జబ్బు, అలాంటివి ఎన్ని వచ్చాయి అని బొగ్గు పెన్సిలుతో రాసేది. తెచ్చినవాళ్ల పేర్లు రాసేది కాదు. వేట రోజులకు ముందు జనం కాఫీ గ్లాసులు పట్టుకుని ఆ అట్ట ముందు నిలబడేవాళ్లు. చర్చిలో పాదిరి మాటకన్నా ఆ అట్ట మాటకు విలువ ఎక్కువని కొందరు వేళాకోళం చేసేవాళ్లు. పాదిరి కూడా వచ్చి చదువుకునేవాడు.

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది వేసవిలో రాయిస్ కెట్లర్ తన ఇనుప సామాను దుకాణంలో వార్డ్‌లో అనే కంపెనీ తుపాకులు దించాడు. చూడటానికి ముచ్చటైన తుపాకి. భుజాన వేసుకుంటే బరువే తెలియదు. శరత్కాలం వచ్చేసరికి ఊళ్లో నలభై మంది చేతుల్లో ఉంది. నవంబరు నెలాఖరుకు వాటిలో అయిదు వెర్నా బల్ల మీదికి వచ్చాయి. అయిదింటికీ ఒకటే జబ్బు. కొక్కెం విరిగింది. విరిగిన ముక్కలు భూతద్దం కింద పెట్టి చూసింది. అరిగిన జాడ లేదు, పంచదార పలుకులా పుటుక్కున తెగిన జాడ. చలికి పెళుసెక్కే లోహం.

అట్ట మీద రాసింది: "వార్డ్‌లో. చలిలో కొక్కెం విరిగింది. అయిదు."

మర్నాడే రాయిస్ వచ్చాడు. టోపీ తీయలేదు.

"ఆ లైను కొట్టెయ్ వెర్నా."

"అబద్ధమా?"

"నలభైలో అయిదు. మిగతా ముప్పై అయిదు మాట రాశావా?"

"అవి నా దగ్గరికి రాలేదుగా. వస్తే రాస్తా."

"నా సరుకు ఒక్కటి కదలట్లేదు, నీ గీతల వల్ల."

"నా గీతల వల్ల కాదు రాయిస్, కొక్కెం వల్ల. కోపమేదో దాని మీద చూపించు."

రాయిస్ కంపెనీకి ఫోను చేశాడు. రెండు వారాలకు ప్రెంటిస్ అనే ఆయన విమానం దిగి, అద్దె కారులో మంచు మీద జారుతూ వచ్చాడు. బూట్లకు మట్టి అంటని మనిషి. మాట మెత్తన.

"మీ పనితనం గురించి చాలా విన్నాం మేడమ్. ఈ జిల్లాకంతటికీ మా తుపాకులు బాగుచేసే దుకాణం మీదే కావాలని మా కోరిక. బోర్డు మేమే పంపిస్తాం. గోడ మీద ఆ చిన్న మాట ఒక్కటీ తీసేస్తే చాలు."

"విరిగే కొక్కెం విరుగుతూనే ఉంటుంది, నేను బాగుచేస్తూనే ఉంటాను. అంతేగా మీరనేది?"

"అలా కాదు మేడమ్. వాడేవాళ్లు సరిగ్గా శుభ్రం చేసుకోకపోతే…"

వెర్నా అయిదు ముక్కలూ ఒక సీసా మూతలో పోసి ఆయన ముందు పెట్టింది. "వీటికి మురికి ఎక్కడుందో చూపించండి. చూపిస్తే మీ ముందే తుడిచేస్తా."

ఆయన చూపించలేదు. వెళ్లిన పది రోజులకు లాయరు కాగితం వచ్చింది. అట్ట దించకపోతే కోర్టుకు లాగుతామని దాని సారాంశం. వెర్నా రెండుసార్లు చదివింది. భయం వేయలేదని అనుకోకూడదు. ఆ దుకాణం పోతే ఆమెకు మిగిలేది బస్సు స్టీరింగు ఒక్కటే. మర్నాడు పొద్దున ఆ కాగితాన్ని నాలుగు మేకులు కొట్టి అట్ట పక్కనే బిగించింది. వచ్చినవాళ్లు రెండూ చదివి వెళ్లసాగారు.

కాఫీ హోటల్లో రాయిస్ నోరు ఊరుకోలేదు. "బస్సు తోలుకునే మనిషికి లోహాల సంగతి తెలుసట" అన్నాడు అందరూ వినేలా. అక్కడే ఉన్న లెనార్డ్ స్టంప్ అనే ఎల్క్ వేటల గైడ్ కూడా తలూపాడు. అతని దగ్గరున్నదీ వార్డ్‌లోనే, అది అతన్ని ఒక్కసారీ ముంచలేదు.

వెర్నా గుడ్ల ప్లేటు పక్కకు జరిపింది. "లోహాల సంగతి నాకొద్దు. జనవరిలో ఒక రాత్రంతా తుపాకులు బయట పెడదాం. పొద్దున్నే కంకర గుంటలో అందరి ముందూ కాలుద్దాం. నీ దుకాణంలోంచి కొత్తవి రెండు నువ్వే ఏరి తీసుకురా రాయిస్. లెనార్డ్, నీదీ తీసుకురా."

"నీది?" అన్నాడు రాయిస్.

"నాదీ తెస్తా."

ఆ పొద్దున సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన ఉంది. ఊపిరి గడ్డాల మీద గడ్డకడుతోంది. అరవై డెబ్భై మంది వచ్చారు. ప్రెంటిస్ కూడా వచ్చాడు, ఈసారి అరువు కోటులో. అన్నీ కలిపి ఆరు తుపాకులు. ఒక్కోదానికి ఇరవై తూటాలు.

మొదట వెర్నా తనది ఎత్తింది. ఆల్వా తన చేత్తో సరిచేసి ఇచ్చిన పాత పొడుగు కొక్కెం తుపాకి. మొదటి దెబ్బ పేలింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే టక్ మంది, అంతే. తూటా పేలలేదు. ఆమె బోల్టు విప్పి చూసింది. లోపల గ్రీజు మైనంలా గడ్డకట్టి, తూటా వెనక కొట్టే సూదిని ఆపేసింది. ఆ గ్రీజు పట్టించింది తనే, అక్టోబరులో, కాస్త ఎక్కువగా.

రాయిస్ పగలబడి నవ్వాడు. "మొదట నీదే రాయి వెర్నా."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి, చలి వల్ల మాత్రమే కాదు. వెంట తెచ్చిన ఇంకో అట్ట మీద అందరికీ కనబడేలా రాసింది: "టోలెఫ్సన్ సొంత తుపాకి. రెండో తూటా పేలలేదు. తప్పు టోలెఫ్సన్‌ది."

"రాశాను. ఇప్పుడు నీవి ఎత్తు" అంది.

ఊళ్లోవాళ్లు తెచ్చిన వేరే కంపెనీలవి రెండూ ఇరవైకి ఇరవై కాల్చాయి. వార్డ్‌లో మొదటిది పదమూడు దాకా గడియారంలా పోయింది. గురి చూసే అట్ట మీద దాని చిల్లులన్నీ అరచేతిలో ఇమిడేలా ఉన్నాయి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పద్నాలుగో దెబ్బకు బోల్టు వెనక్కి వచ్చింది, గుల్ల రాలేదు. వెర్నా మంచులోంచి కొక్కెం ముక్క ఏరి ప్రెంటిస్ చేతిలో పెట్టింది. రెండోది తొమ్మిదో దెబ్బకే విరిగింది. లెనార్డ్‌ది మాత్రం ఇరవై దెబ్బలూ చెక్కుచెదరకుండా కాల్చింది.

"చూశావా?" అన్నాడు రాయిస్, గొంతు కాస్త తగ్గించి.

"చూశాను. అదీ రాస్తాను." మూడు లైన్లూ రాసింది. నాలుగోది కూడా రాసింది: "గురిలో ఆరింటిలోకీ వార్డ్‌లో మేలు."

ప్రెంటిస్ గొంతు సవరించుకున్నాడు. "ఇంత చలి మామూలు వాడకం కిందికి రాదండీ."

జవాబు వెర్నా ఇవ్వలేదు, లెనార్డ్ ఇచ్చాడు. "మేం ఉండేది ఇక్కడేనయ్యా. ఎండాకాలం దాకా ఆగమని ఎల్క్‌లకు నువ్వు చెప్తావా?" చెక్కుచెదరని తన తుపాకిని వెర్నా వైపు చాచాడు. "దీని కొక్కెం కూడా మార్చిపెట్టు. నాకిప్పుడు దీని మీద నమ్మకం లేదు."

కంపెనీ కోర్టు ఊసు మళ్లీ ఎత్తలేదు. తప్పు ఒప్పుకోనూ లేదు. మరుసటి ఏడు వార్డ్‌లో తుపాకుల్లో కొక్కెం వేరే లోహంతో వచ్చింది, చడీచప్పుడూ లేకుండా.

వెర్నాకు మాత్రం తేలిగ్గా పోలేదు. స్కూలు బోర్డు అధ్యక్షుడు రాయిస్‌కు బావమరిది. ఆ వేసవిలో పిలిపించి, "ఆ గోడ గొడవ మానుకుంటే నీ బస్సు నీకుంటుంది" అన్నాడు. ఆమె తాళాలు తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"బస్సు మీది. గోడ నాది."

పదిహేడేళ్లు నడిపిన బస్సు అది. మొదటి నెల రోజులు అయిదింటికే మెలకువ వచ్చేసేదట, వెళ్లడానికి చోటు లేక వంటింట్లో కూర్చునేదట. ఆ తర్వాత పొద్దున్నే దుకాణం తీయడం మొదలుపెట్టింది. ఈ గొడవతో షెరీఫ్ ఆఫీసు పోలీసుల తుపాకులు మరమ్మతుకు పక్క ఊరికి పోయాయి. చాలామంది వేటగాళ్లు మాత్రం ఆ పక్క ఊరి నుంచే ఆమె దగ్గరికి రాసాగారు.

కొత్త కొక్కెం తుపాకులు పదిహేను ఆమె చేతుల్లోంచి పోయాయి. ఒక్కటీ విరగలేదు. అట్ట మీద అదీ రాసింది. రాయిస్ మనిషిని పంపించాడు, "బాగుపడిందిగా, ఇక పాత లైను కొట్టెయ్యమన్నాడు" అని.

"పాతవి ఊళ్లో ఇంకా పాతిక తిరుగుతున్నాయి. వాటినన్నిటినీ వెనక్కి తీసుకుని కొక్కేలు మార్పించమను, ఆ రోజు కొట్టేస్తా" అని చెప్పి పంపింది.

రాయిస్ మార్పించలేదు. తొమ్మిదేళ్లు ఆమెతో మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే ఇద్దరిలో ఒకరు రోడ్డు దాటేవాళ్లు. ఎక్కువసార్లు రాయిసే దాటేవాడు.

ఎనభై ఎనిమిది అక్టోబరులో ఒక మధ్యాహ్నం దుకాణం తలుపు తెరుచుకుంది. ఇద్దరు వేటగాళ్లు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వచ్చింది రాయిస్. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. చేతిలో దుప్పట్లో చుట్టిన తుపాకి. బల్ల మీద పెట్టి విప్పాడు. వార్డ్‌లో కాదు. అతని తాత నాటి పొడుగు కొక్కెం తుపాకి, చెక్క మీద చెయ్యి పట్టే చోట నల్లగా నిగనిగలాడుతోంది. ఊరందరికీ వార్డ్‌లో అమ్మిన మనిషి అన్నేళ్లూ దాన్ని పట్టుకునే కొండెక్కాడన్నమాట.

వెర్నా బోల్టు ఒకసారి వెనక్కి లాగి, ముందుకు తోసింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ లాగింది. బెంచీ మీద ఇద్దరూ చూస్తున్నారు.

"స్ప్రింగు అలిసిపోయింది" అంది.

"తెలుసు. పక్క ఊరి వాడికి ఇస్తే పాడుచేస్తాడు." రాయిస్ అట్ట వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "రాసుకో. పేరు వేసి రాసుకున్నా సరే."

"నేనెప్పుడూ పేర్లు రాయలేదు రాయిస్. నా పేరు తప్ప." తుపాకికి చీటీ కట్టి గోడవార నిలబెట్టింది. "నీకన్నా ముందు ఇద్దరున్నారు. కూర్చో."

రాయిస్ టోపీ తీసి, బెంచీ చివర కూర్చున్నాడు.