ఎందుకమ్మ ఆఖరి పీరియడ్

ఆ బడిలో సైన్సు టీచరమ్మకు పిల్లలు పెట్టిన పేరు ఎందుకమ్మ. ఇరవై రెండేళ్లుగా ఎవరు ఏ జవాబు చెప్పినా "ఎందుకు?" అని నిలదీస్తుంది మరి! ఆ పేరు చెవిన పడితే కోప్పడుతుందా అంటే, అబ్బే, తిరిగి చూసి నవ్వుతుంది.

పాఠాలన్నీ ఆఫీసుల్లో నడిచే పెద్ద భాషలోనే చెప్పాలని సర్కారు ఉత్తర్వు. ఎందుకమ్మ అలాగే చెబుతుంది. చెప్పి, ఆఖరి పీరియడ్‌లో పుస్తకాలు మూయించి, అదే పాఠాన్ని ఇంట్లో మాట్లాడే భాషలో పిల్లల చేత తిరిగి చెప్పిస్తుంది. ఆ పీరియడ్ ఉంచాలో ఎత్తేయాలో తేల్చడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. హెడ్మాస్టరుకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పదో తరగతి చేత పెద్ద భాషలో పది జవాబులు వరసగా బట్టీ పట్టించాడు.

"ఎందుకండీ ఈ తిప్పలు? నా పిల్లలు నిలబడతారు," అంది ఎందుకమ్మ.

"మీ ధైర్యం మీది, నా భయం నాది తల్లీ!" అన్నాడాయన.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హెడ్మాస్టరు తన పది ప్రశ్నల కాగితం ఆయన చేతిలో పెట్టాడు. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబులు గడగడా వచ్చేశాయి. ఆయన మూడోది వదిలేసి నాలుగోది అడిగాడు. క్లాసంతా ఒక్క గొంతుతో మూడోదాని జవాబే అప్పజెప్పింది! చల్లనీళ్ల గ్లాసుకు బయట తడి ఎందుకు పడుతుందయ్యా అంటే, గుండెకు నాలుగు గదులన్నారు. హెడ్మాస్టరు మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

ఎందుకమ్మకు ఒళ్లు మండింది. "అయ్యా, అదే ప్రశ్న మన భాషలో నన్ను అడగనివ్వండి. అప్పుడూ తెల్లమొహం వేస్తే ఆ పీరియడ్ నేనే ఎత్తేస్తాను," అంది. ఆయన సరేనన్నాడు.

ఎందుకమ్మ అడగగానే వెనక బెంచీలో ఒక పిల్ల లేచింది. "గ్లాసు కారడం లేదు సార్. గాలిలో కనపడని ఆవిరి ఉంటుంది. చల్లటి గ్లాసు తగలగానే నీరైపోతుంది."

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మాయ్, ఏసీ కారు దిగగానే ఇది మసకబారిపోతుంది. అద్దాలు పాడయ్యాయని రెండుసార్లు మార్పించాను."

"అయ్యో, అద్దాలు బాగానే ఉన్నాయి సార్! కారులో చల్లబడ్డాయి. బయటి ఆవిరి వాటిమీద నీరవుతోంది. కాసేపాగితే అదే పోతుంది."

"రెండు జతలూ దండగేనన్నమాట!" అని ఆయన పకపకా నవ్వాడు. ఎందుకమ్మకు ఆ పిల్లను ఎత్తుకుని తిప్పాలనిపించింది.

ఆయన తనిఖీ పుస్తకంలో పెద్ద భాషలో ఒక వాక్యం మొదలుపెట్టాడు. ఆగాడు. కొట్టేసి, మన భాషలో "ఈ పీరియడ్ ఉండాలి" అని రాసి, సంతకం చేసి లేచాడు.

ఎందుకమ్మ చదువుకుంది. "ఎందుకో కూడా రాయండి సార్," అంది.

ఆయన మళ్లీ కూర్చుని కలం మూత తీశాడు.