వదిన టీవీలో కనబడని ఫోల్డరు

దీన్ని కొన్నేళ్లుగా మోస్తున్నాను. చర్చిలో ఆదివారం పాపాలు ఒప్పుకొనే ప్రార్థన అందరితో పాటు గట్టిగానే చదువుతాను. అంతమంది ఒకేసారి ఒప్పుకుంటుంటే ఎవరిది ఏ పాపమో బయటపడదు కదా, అదొక ధైర్యం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు.

మాది మైదుకూరు. ముందింట్లో మా వదిన, వెనక గదిలో నేను. నేను పెళ్లి చేసుకోలేదు. చేసుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ఒకప్పుడు క్యాసెట్లు రికార్డు చేసిచ్చే అంగడి నడిపాను. క్యాసెట్లు పోయాయి, అంగడి పోయింది, పిచ్చి మాత్రం మిగిలింది. నా గదిలో ఒక పాత కంప్యూటరు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అందులో సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు. వదిన తన టీవీలో వైఫై మీద వాటిని చూసుకుంటుంది. ఇట్లాంటి కంప్యూటరును సర్వరంటారు, అంటే వడ్డించేవాడు. ఒక్కో ఫోల్డరు పక్కన చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే ఆ ఫోల్డరు ముందింటి టీవీలో కనబడుతుంది. తీసేస్తే నా దగ్గర భద్రంగానే ఉంటుంది, అక్కడ మాత్రం దాని ఊసే ఉండదు. ఏ గిన్నె వడ్డించాలో, దేనిమీద మూత పెట్టాలో నా ఇష్టం.

మా అన్న చర్చిలో పాటలు పాడించేవాడు. శనివారం సాయంత్రాలు ముందింట్లోనే సాధన. రికార్డు చేసేది నేనొక్కణ్నే. పాడేవాణ్ని కూడా, అన్న పక్కనే నిలబడి. నాకు శ్రుతి తక్కువ, శ్రద్ధ ఎక్కువ. అన్న నన్ను ఏరికోరి పక్కన పెట్టుకోవడం నా గొంతు మీద నమ్మకమే అనుకున్నాను.

అన్న గుండెపోటుతో పోయాడు. భూస్థాపన అయ్యాక కొన్నాళ్లకు ఆ రికార్డింగులన్నీ ఒక ఫోల్డరులో చేర్చి టిక్కు పెట్టాను. వదినకు చెప్పేముందు ఒకసారి వినాలనిపించింది. విన్నాను. ఒకదాంట్లో సాధన అయిపోయి అందరూ చెప్పులేసుకొని పోతున్న చప్పుడు. రికార్డరు ఆపకుండా నేను టీ గ్లాసులు కడగడానికి పోయినట్టున్నాను. అన్న గొంతు వినబడింది: "మావాడు పాడితే హార్మోనియం గూడా దారి తప్పుతాది. దూరంగా నిలబెడితే అందరినీ చెడగొడతాడని పక్కన నిలబెట్టుకొంటాండా." వదిన నవ్వింది. నవ్వి, "పాడనీలే, మనం తప్ప ఆయప్పకు ఎవురుండారు," అంది.

అన్న ఎగతాళి నన్నేమీ చేయలేదు. ఆ మాటకొస్తే బాగానే చెప్పాడు. వదిన మాటే గుచ్చుకుంది. అందులో కోపం ఉంటే తిరిగి కోప్పడొచ్చు. ఉన్నది జాలి. జాలితో ఎట్లా పోట్లాడాలి?

ఆరోజే టిక్కు తీసేశాను.

ఎందుకు? చుట్టాలు వింటారని, చర్చివాళ్లు వింటారని నాకు నేను చెప్పుకున్నాను. మరి ఆ ఒక్క ముక్క కత్తిరించి మిగతాదంతా ఉంచొచ్చు కదా? కత్తిరించడమే నా వృత్తిగా బతికినవాణ్ని. కానీ అది ఎక్కడుందో పట్టుకోవాలంటే మళ్లీ వినాలి. వినలేకపోయాను. ఇంకొకటి ఆలోచించండి. ఎవరి నోటినుంచి వచ్చిందో ఆమెకే వినబడకుండా ఆ మాటను దాచాను. ఇంతకంటే తెలివితక్కువ పని ఏదైనా ఉంటుందా?

అన్న పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నాం. పాస్టరు వాక్యం చెప్తాడు, తర్వాత భోజనాలు. దానికి ముందు వదిన నా గది వాకిట్లోకి వచ్చింది.

"ఏమప్పా, అన్న పాటలు నీకాడ ఉండాయి కదా. కూటంలో ఒకటన్నా పెడదాం."

"యాడుండాయి వదినా. డిస్కు చెడిపోయింది. అన్నీ పోయినాయి."

"ఒక్కటి గూడా ల్యాదా?"

"లేదు."

"నీవి గూడా పోయినట్టే కదప్పా. నువ్వూ శానా పాడింటివి," అని వెళ్లిపోయింది.

నన్ను ఓదార్చింది. నా వెనక ఆ డిస్కు తిరుగుతూనే ఉంది.

మళ్లీ ఎప్పుడూ అడగలేదు. కానీ ముందింట్లో ఏది నడుస్తున్నా, ఎంతదాకా నడిచిందో నా తెరమీద ఒక గీత చూపిస్తుంది. చుట్టాల పెళ్లి వీడియో ఒకటుంది. అందులో ఒకచోట అన్న "రాండప్పా, బువ్వకు లేయండి" అని అతిథులను పిలుస్తాడు. వదిన దాన్ని అక్కడికి జరిపి వినేది. వెనక్కి తిప్పి మళ్లీ వినేది. మధ్యాహ్నాలు, ఇంటికి ఎవరూ రాని వేళ. గోడకు ఇవతల నేను ఆ గీత ముందుకూ వెనక్కూ కదలడం చూస్తూ కూర్చునేవాణ్ని. ఒక్క టిక్కు. నా చెయ్యి మౌసుమీదే ఉండేది.

మెల్లమెల్లగా ఆమెకు చెవులు మందగించాయి. టీవీ మోత ఏటికేడు పెరిగింది, ఈమధ్య అసలు పెట్టడమే తగ్గించింది. అన్న గొంతు ఇక ఎప్పటికీ వినలేదేమోనని నాకు భయమేసింది. ఈరోజు పొద్దున టిక్కు పెట్టి ముందింటికి పోయాను. అన్న పాటలు పోలేదని, నేనే మూసిపెట్టానని చెప్పాను. ఆమెకు వినబడలేదు. నా తప్పును రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్లు కూడా వినుంటారు.

వదిన నా వైపు చూసింది. రిమోటు తీసుకుంది. సౌండు చివరికంటా పెంచి, టీవీకి దగ్గరగా కూర్చొని, దాని పక్కభాగానికి చెయ్యి ఆనించింది. అన్న పాడుతున్నాడు. వదిన చాలాసేపు విన్నది.

"గొంతు తెలుస్తాంది," అంది, నాతో కాదు. "మాటలే తెలియడం ల్యా."

కూర్చోమనలేదు. ఎందుకు దాచావనీ అడగలేదు. నా గదికి వచ్చేశాను.

వదిన మాట ఉన్న ఆ శనివారం రికార్డింగులో నేనేమీ కత్తిరించలేదు. గోడ అవతల పాట ఇంకా నడుస్తోంది. టిక్కు ఉంచుంటే, చెవులు బాగున్నన్నాళ్లూ అందులో ప్రతి మాటా ఆమెకు అందేది. ఆ కాలమంతా నేను తిన్నాను, దాన్ని తిరిగి వడ్డించలేను. ఆమె అడగని కారణం మీకు చెప్పాను. చెప్పాక ఈ గదిలో కొంచెం ఊపిరాడుతోంది. అంతే.