పన్నెండో మ్యాచ్, అమ్మ మొక్కు

మా కాలేజీలో బేస్‌బాల్ ఆడేవాళ్ళం పదకొండు మందిమి. ఆట మీద ప్రేమతో చేరినవాళ్ళు ఇద్దరు. మిగతావాళ్ళం క్రికెట్ టీములో చోటు దొరక్క చేరినవాళ్ళం. మెదక్‌లో బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని రోడ్డు మీద నడిస్తే జనం ఆట గురించి అడగరు, ఎవరితో గొడవైందని అడుగుతారు.

అలాంటి ఆటలో నేను రికార్డు దగ్గరికి వచ్చాను. రావాలని రాలేదు. బంతిని కొట్టి, అవుట్ కాకుండా, అవతలివాళ్ళ తప్పేమీ లేకుండా మొదటి బేస్ చేరితే దాన్ని హిట్ అంటారు. వరుసగా పదకొండు మ్యాచుల్లో కనీసం ఒక్కో హిట్ కొట్టిన సీనియర్ పేరు మాకు ఆటలు నేర్పే పీడీ సార్ గదిలో బోర్డు మీద తెల్ల రంగుతో రాసి ఉండేది. రెండేళ్ళు ఆడీ ఆడీ నేనూ పదకొండుకు చేరాను. పన్నెండో మ్యాచులో ఒక్క హిట్ పడితే బోర్డు మీద పేరు మారుతుంది. పడకపోతే లెక్క సున్నా నుంచి మొదలు.

బోర్డుతో నాకు పెద్ద పనేమీ లేదు. పని అమ్మ కాలితో.

ఆ సీనియర్ ఇప్పుడు పోలీసు, ఆ రికార్డు వల్లే అయ్యాడని మావాళ్ళ లెక్క. రికార్డుకూ ఉద్యోగానికీ మధ్య ఆయన మూడేళ్ళు పరుగెత్తి, రెండుసార్లు పరీక్ష రాశాడన్న సంగతి మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నా ఏడో మ్యాచ్ అయిన రోజు అమ్మ ఏడుపాయల అమ్మవారికి మొక్కుకుంది. కొడుకు ఆ రికార్డు దాటేదాకా కాలికి చెప్పులు వేయనని. నన్ను అడగలేదు. అమ్మవారిని కూడా అడిగిందని నేననుకోను.

అమ్మ అంగన్‌వాడీలో ఆయా. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని తీసుకొస్తుంది. పైగా షుగరు. మొక్కు మొదలైన నెలకు మడమ పక్కన గాజు పెంకు గుచ్చుకుంది. ఎండాకాలం వచ్చేసరికి అది చిన్న గాయం అనే మాటను దాటిపోయింది. దవాఖానలో డాక్టర్ కట్టు కట్టి, షుగరు ఉన్నవాళ్ళ కాలి పుండుతో ఆటలొద్దని, చెప్పులు లేకుండా అడుగు పెట్టొద్దని గట్టిగానే చెప్పాడు.

"ఏడుపాయల తల్లికి మాటిచ్చిన సార్," అంది అమ్మ.

"అమ్మవారికి షుగర్ లేదమ్మా, నీకున్నది," అన్నాడాయన.

అమ్మ తల ఊపి, కట్టు తడవకుండా పాలిథిన్ కవర్ చుట్టుకుని, చెప్పులు లేకుండానే ఇంటికొచ్చింది. మొక్కు మధ్యలో వదిలేస్తే అది తిరిగి నా మీదికే వస్తుందని ఆమె భయం. ఇక దారి ఒకటే మిగిలింది. నేను బంతిని కొట్టాలి.

నేను చదివింది బీఎస్సీ, అందులో ఫిజిక్స్. మేజోళ్ళకూ బంతి వేగానికీ సంబంధం లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టగలను. కానీ నాలుగో మ్యాచ్ నుంచి నా మేజోళ్ళు ఉతకలేదు. టీములో నా పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు. పీడీ సార్ ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి, ఇవన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేసేవారు. ఎనిమిదో మ్యాచ్ నుంచి మాత్రం రికార్డు అనే మాట నోట రానివ్వలేదు. "అది" అనేవారు. అది ఎంతవరకొచ్చిందిరా అని అడిగి, నేను చెప్పేలోపే వద్దులే అనేవారు.

పన్నెండో మ్యాచ్ శంకరంపేట వైపు జట్టుతో, మా గ్రౌండులోనే. ముందురోజు కాలేజీ బ్యాట్ ఇంటికి తెచ్చుకున్నాను. పదకొండు మ్యాచులూ దానితోనే ఆడాను. పొద్దున లేచి చూస్తే మూలన పెట్టిన బ్యాట్ లేదు. బాపూ లేడు. బాపు అంటే మా నాన్న, ఆటో నడుపుతాడు. దసరాకు ఆటో ముందు కొబ్బరికాయ కొట్టనిదే ఏ సంవత్సరమూ కదలనివ్వడు. అరగంటకు ఆయన తిరిగొచ్చాడు. చేతిలో పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండతో నా బ్యాట్ పెళ్ళికొడుకులా ఉంది. దాని లావుపాటి కొస దగ్గర రూపాయి బిళ్ళంత సొట్ట.

"ఇదేంది బాపూ?"

"హన్మాన్ల గుడి కాడ పూజ చేయించిన. కాయ గూడ కొట్టిన."

"దేని మీద కొట్టినవ్?"

"బండికైతే ముందట బంపర్ ఉంటది. దీనికేమున్నది? దీని మీదనే కొట్టిన." ఆయన బ్యాట్‌ను ఒకసారి తిప్పి చూశాడు. "కాయ మంచిగనే పగిలింది రా. రెండు చిప్పలు సమానం."

అల్యూమినియం బ్యాట్ అది. మ్యాచ్‌కు ముందు అంపైర్ ప్రతి బ్యాట్‌నూ ఒక రింగులోంచి దూర్చి చూస్తాడు. సొట్ట ఉంటే రింగు అక్కడ ఆగిపోతుంది. ఆగిపోయింది. అంపైర్ కుంకుమ అంటిన వేళ్ళను ఒకసారి చూసుకుని, ఇది పనికిరాదని బ్యాట్‌ను గోడకు ఆనించాడు. పీడీ సార్ ఏమైందని అడిగారు, చెప్పాను. ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అనుకున్నాను. బ్యాట్ ధర గురించి కూడా అయి ఉండొచ్చు.

మిగిలిన రెండో బ్యాట్ పొడవు. దానితో నేనెప్పుడూ కొట్టలేదు.  మొదటిసారి కొట్టిన బంతి గాల్లోకి లేచి, తీరిగ్గా దిగి, ఒకడి చేతుల్లో పడింది. రెండోసారి బంతి విసిరేవాడే అదుపు తప్పి నాలుగు బంతులు దూరంగా వేశాడు. అప్పుడు ఊరికే నడుచుకుంటూ మొదటి బేసుకు పోవచ్చు, కానీ అది హిట్ లెక్కలోకి రాదు. రాష్ట్రంలో అప్పనంగా బేసు దొరికినందుకు ఏడ్చిన ఆటగాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. నిలబడ్డంతసేపూ నాకు బంతి కనిపించలేదు. అమ్మ మడమ, దాని మీద పాలిథిన్ కవర్ కనిపించాయి.

మూడోసారి, అదే ఆఖరిసారి, బంతి నేల మీద దొర్లుతూ మూడో బేస్ కుర్రాడి దగ్గరికి పోయింది. పరుగెత్తాను. బేస్ మీద కాలు పెట్టి వెనక్కి తిరిగితే బంతి వాడి కాళ్ళ దగ్గర ఉంది. మావాళ్ళు ఎగురుతున్నారు. స్కోరు రాసే ఆయన పెన్ను ఎత్తి పట్టుకుని మా సార్ వైపు తిరిగి, ఇది ఫీల్డర్ తప్పు, హిట్ కింద రాయలేనన్నాడు.

పీడీ సార్ బేస్ దాకా నడిచి వచ్చారు. "నువ్వేమంటవ్ రా? హిట్టే అంటే నేను పోయి కొట్లాడుత."

అనాలనే ఉండింది. నోరు కూడా తెరిచాను. వాడి చేతుల్లో పడి జారడం నేను పరుగెత్తుతూనే చూశాను.

"చేతుల వడ్డ బంతి సార్," అన్నాను.

ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయారు. మ్యాచ్ మేమే గెలిచాం. ఆ సంగతి నాకు మర్నాడు ఎవరో చెబితే తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపలో నిలబడి ఉంది. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమ మడమ నేలకు తగలకుండా.

"ఏమాయె బిడ్డా?"

స్కోరు పుస్తకంలో నిజం రాయించి వచ్చి గంట కూడా కాలేదు.

"దాటిన అమ్మా," అన్నాను.

ఆమె మంచం కింద వంగి చెప్పులు తీసి, దుమ్ము దులిపి వేసుకుంది. రెండడుగులు వేసి చూసుకుంది. నేను లోపలికి పోయి నీళ్ళు తాగాను. 

అక్కడితో అయిపోతుందనుకోవడం నా చదువు లోపం. మొక్కు అన్నాక చెల్లించాలి కదా. ఆదివారం ముగ్గురం బాపు ఆటోలో ఏడుపాయలకు పోయాం. వరుసలో గంటసేపు నిలబడి అమ్మవారి ముందుకు వచ్చాక అమ్మ ఒడిబియ్యం పోసి, నన్ను ముందుకు తోసింది.

"నీ నోటితోని చెప్పు. దాటిన అని చెప్పు తల్లికి."

వెనక జనం కదలమంటున్నారు. పెదవులు కదిలించాను. అమ్మకు కనిపించేది పెదవులే. లోపల మాత్రం స్కోరు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పదకొండే తల్లీ, దాటలేదు. అబద్ధం నాది. మా అమ్మకు తెలియదు. కోపముంటే నా కాలు తీసుకో, ఆమె కాలి జోలికి పోకు. నమ్మకం లేనివాడు చేసే ప్రార్థనలో మర్యాద తక్కువ ఉంటుంది, గాభరా ఎక్కువ ఉంటుంది.

ఆ తర్వాత రోజూ పొద్దున ఆమె లేవకముందే దుప్పటి అంచు ఎత్తి మడమ చూసేవాణ్ణి. ఎర్రగా ఉందా, వాపు పెరిగిందా, కట్టు మీద తడి ఉందా. ఒకరోజు తగ్గినట్టుండేది, మర్నాడు పెరిగినట్టుండేది. చెప్పులు వేస్తే గాయం మానుతుందని డాక్టర్ చెప్పాడు, నాకు తెలుసు. అయినా మానని ప్రతి పొద్దూ అది చెప్పులకు సంబంధించిన విషయంలా అనిపించలేదు. ఒకసారి అమ్మ కళ్ళు తెరిచి, ఏం చూస్తున్నవ్ రా అంది. దోమ అన్నాను. దానితో అబద్ధాలు రెండు.

వర్షాలు పడే ముందు గాయం మానింది. కట్టు విప్పుతూ డాక్టర్ బాగుందన్నాడు, అంతా తల్లి దయ అంది అమ్మ. ఇద్దరూ నా వైపు చూశారు. నేను అవునన్నాను, ఎవరికన్నది చెప్పకుండా.

ఇప్పుడు బజారులో నడిచేటప్పుడు నా చూపు నేల మీదే ఉంటుంది. ఏమన్నా పారేసుకున్నావా అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. ఏం లేదంటాను. గాజు పెంకు కనిపిస్తే పక్కకు జరిగి నడుస్తాను.